సాన్ రెమీ: అమ్మ కోసం కవిత్వం పుట్టిన ఊరు

ఫ్రాన్సు దేశం అనగానే మనవాళ్ళకు పారిస్ నగరమూ, ఐఫెల్ గోపురమూ తలపునకు వస్తవి. యానాంలో తరతరాలుగా ఉంటున్న కుటుంబాలవారికైతే పాత ఫ్రెంచి బడీ, కచేరీ కాగితాలూ కూడా జ్ఞాపకం రావచ్చును. కాని ఢిల్లీ, ముంబాయి చూచినంత మాత్రాన మన దేశం తెలిసిపోనట్లే, పారిస్ చూచినంత మాత్రాన ఫ్రాన్సు తెలియదు. ఆ దేశపు మనసు తెలియాలంటే చిన్న ఊళ్ళకు పోవాలి. అటువంటి ఊరొకదానిని గూర్చి ఈ నెల మన పాఠకులకు చెప్పదలచినాను. దాని పేరు సాన్ రెమీ. ప్రొవాన్స్ సీమలోనిది గనుక 'సాన్ రెమీ ద ప్రొవాన్స్' అని పూర్తి పేరు.

పారిస్ నుండి దక్షిణానికి పోయే వేగపు రైలు మూడు గంటలలోపుగా అవిన్యోన్ పట్టణం చేరుస్తుంది. 14వ శతాబ్దంలో కొంతకాలం రోమును విడిచి పోపులు కాపురమున్న పట్టణమిదే. అక్కడ బస్సెక్కి ఇంకా దక్షిణంగా ఇరవై కిలోమీటర్లు పోతే సాన్ రెమీ. జనసంఖ్య పదివేలకు అటూ ఇటూ. మన లెక్కలో ఒక పెద్ద పంచాయితీ. పాత ఊరు గుండ్రంగా ఉంటుంది. ఒకప్పుడు కోటగోడ ఉన్నచోట ఇప్పుడు చుట్టూ బాట, బాటకు ఇరుప్రక్కలా పెద్ద పెద్ద చెట్లు. వాటి బెరడు పొరలు పొరలుగా ఊడి, మచ్చల గుర్రంలాగా కనిపిస్తుంది. ఆ నీడలో కాఫీ హోటళ్ళు, కుర్చీలు, తీరికగా కూర్చున్న ముసలివాళ్ళు.

బుధవారం సంత. ఆనాడు ఊరంతా దుకాణమే. మేక జున్ను, తేనె, వెల్లుల్లి జడలు, ఎండబెట్టిన లావెండర్ పూల మూటలు, కుప్పలు పోసిన ఆలివు కాయలు. ఆలివు కాయలను ఉప్పునీటిలో ఊరవేసి, సోపుతోనో వెల్లుల్లితోనో కలిపి అమ్ముతారు. ఊరగాయ జాడీల నడుమ పెరిగిన మనబోటివాళ్ళకు ఆ అంగడి ముందు కాళ్ళు వాటంతట అవే ఆగిపోతవి.

ఈ సీమకు గాలే యజమాని. రోన్ నది లోయవెంట ఉత్తరాన్నుండి పొడిగాలి విసురుకొని వస్తుంది. దాని పేరు మిస్త్రాల్. గంటకు వంద కిలోమీటర్లు మించి వీచే రోజులున్నవి. మొదలుపెడితే మూడు రోజులు, కాదంటే ఆరు, అదీ కాదంటే తొమ్మిది రోజులు వీస్తుందని అక్కడివాళ్ళ నానుడి. అందుచేత పల్లెలలోని పాత ఇళ్ళు ఉత్తరానికి వీపు పెట్టి కూర్చుంటవి. ఆవైపు గోడకు కిటికీలు ఉంటే ఒకటో రెండో, లేకుంటే లేవు. వాకిలి దక్షిణానికి. పొలాలకు అడ్డంగా సైప్రస్ చెట్లను దడికట్టినట్లు వరుసగా నాటుతారు. గాలి వీచి పోయిన తరువాత ఆకాశం కడిగిన గాజుపలకలా మెరుస్తుంది. ఎందరో చిత్రకారులు ఈ సీమకు పరుగెత్తి రావటానికి ఆ వెలుతురే కారణం.

ఊరి మొదట్లోనూ, వీధి మూలలలోనూ ఉండే పలకలు కొంచెం నిదానించి చూడవలసినవి. ఈ ప్రాంతంలో చాలా ఊళ్ళకు ఫ్రెంచి పేరుతోపాటు వేరొక పేరు కూడా వ్రాసి ఉంటుంది. సాన్ రెమీకి ఆ రెండవ పేరు 'సాన్ రూమియె దె ప్రువెన్సొ'. ఇది ఫ్రెంచి యాస కాదు. ప్రొవాన్సాల్ అనే వేరే భాష. ఆ భాష కథే ఈ ఊరి అసలు కథ. ముందు చుట్టుపక్కలు చూచివద్దాము.

ఊరికి దక్షిణంగా ఒక కిలోమీటరు నడిస్తే అల్పీయ్ కొండల పాదం వస్తుంది. ఎత్తు ఐదువందల మీటర్లకు మించని తెల్లని సున్నపురాతి కొండలు. అక్కడ బాటప్రక్కనే రెండువేల ఏళ్ళనాటి రోమను కట్టడాలు రెండున్నవి. ఒకటి జూలియస్ వంశంవారి స్మారక మండపం, రెండవది విజయతోరణం. వాటి వెనుక 1921 మొదలుకొని త్రవ్వి తీసిన గ్లానుమ్ అనే పురాతన పట్టణం. మొదట అది అక్కడి గోల్ జనుల ఊరు. కొండచీలికలోని ఊటబుగ్గ వారికి దేవత. ఆ నీటి దేవునికి గ్లాన్ అనీ, ఆయన తోడి అమ్మలకు గ్లానిక్ అమ్మలనీ పేర్లు. మన ఊళ్ళలో చెరువుగట్టు మీద అమ్మవార్లున్నట్లే. గ్రీకు వర్తకులతో పరిచయమైన తరువాత ఆ జనులు తమ భాషను గ్రీకు అక్షరాలతో రాళ్ళమీద చెక్కుకున్నారు. రోమనులు వచ్చిన తరువాత శాసనాలు లాటినులోకి మారినవి. క్రీస్తు తరువాత 3వ శతాబ్దంలో దండయాత్రలవల్ల పట్టణం పాడుబడింది. గోల్ భాష ఈనాడు పలికేవారు లేరు. రాళ్ళు మాత్రమున్నవి. ఒక జనం ఉండగానే వారి నోటిమాట పోవచ్చుననటానికి ఈ స్థలమే సాక్ష్యం.

గ్లానుమ్‌కు ఎదురుగానే సాన్ పోల్ మఠం. పాత క్రైస్తవ మఠాన్ని తరువాత మనోరోగుల వైద్యశాలగా మార్చినారు. 1889 మే నెలలో వాన్ గో అనే డచ్చి చిత్రకారుడు తనంతట తానే వచ్చి ఇందులో చేరినాడు. ఏడాది పాటు ఉన్నాడు. ఇనుప చువ్వల కిటికీలోంచి గోధుమచేను కనిపించేది. రోగం శాంతించిన రోజులలో తోటలోకీ, ఆలివు చెట్లలోకీ పోయి బొమ్మలు వేసేవాడు. ఆ ఒక్క ఏడాదిలో సుమారు 150 చిత్రాలు వేసినాడు. అందులో 'నక్షత్రాల రాత్రి' ఇప్పుడు న్యూయార్కులో ఉన్నది. సుడులు తిరిగే ఆకాశం, నల్లని జ్వాలలాంటి సైప్రస్, కొండలు, ఇవన్నీ సాన్ రెమీవే. కాని కొండ క్రింది పల్లె ఆ కిటికీకి కనిపించేది కాదు. మనసులోంచి తీసి వేసినది. గుడి శిఖరం సన్నగా, పొడుగ్గా, ఆయన స్వదేశపు గుళ్ళ శిఖరంలాగా ఉందని కళావేత్తలు అంటారు. పరదేశంలో ఉన్నవాడికి నిద్రపట్టని రాత్రి తన ఊరి గుడి కనబడటంలో వింతేమున్నది? ఆయన 1890 మే నెలలో ఇక్కడినుండి వెళ్ళి, జూలైలో చనిపోయినాడు. ఆ వైద్యశాల నేటికీ రోగులకు వైద్యం చేస్తూనే ఉన్నది.

కొండ దాటి అవతల దిగితే సుమారు పది కిలోమీటర్ల దూరంలో లే బో అనే గ్రామం. రాతిగుట్టమీద రాతిలోనే మలచినట్లున్న శిథిల దుర్గం. ఏలికలు గర్విష్ఠులు, బాలయేసును చూడవచ్చిన జ్ఞానులలో ఒకరైన బల్తజారు తమ మూలపురుషుడని చెప్పుకొని, డాలుమీద నక్షత్రం వేసుకున్నారు. 17వ శతాబ్దంలో 13వ లూయీ రాజు కాలంలో ఆ దుర్గాన్ని పడగొట్టించినారు. ఇప్పుడు యాత్రికులే తప్ప కాపురమున్నవారు కొన్ని వందలమంది మాత్రమే.

అయినా ఈ కుగ్రామం పేరు మన వంటింటిదాకా వచ్చింది. 1821లో పియేర్ బెర్తియే అనే శాస్త్రజ్ఞుడు ఇక్కడి ఎర్రరాయిని పరీక్షించి దానిలో ఒక క్రొత్త లోహపు ఖనిజం మెండుగా ఉన్నదని కనిపెట్టినాడు. ఊరిపేరు లే బో గనుక ఆ రాయికి బాక్సైట్ అని పేరు వచ్చింది. దానినుండి తీసే లోహం అల్యూమినియం. మొదట్లో అది వెండికంటె ప్రియం. 3వ నెపోలియన్ చక్రవర్తి విందులో ముఖ్య అతిథులకు మాత్రమే అల్యూమినియం చెంచాలు పెట్టేవారని చెప్పుకుంటారు! 1886లో విద్యుత్తుతో ఆ లోహాన్ని చౌకగా తీసే పద్ధతి దొరికింది. తరువాత అది మన ఇళ్ళలో అన్నం వండే సత్తుగిన్నె అయి కూర్చున్నది. లే బో గనులు ఏనాడో ముగిసిపోయినవి. ఈనాడు అదే రాయిని ఒడిశాలో కోరాపుట్ జిల్లా పంచపట్మలి కొండమీద త్రవ్వి, దామన్‌జోడిలో శుద్ధి చేస్తున్నారు. ఆ పక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాలవారు రోజూ వినే మాటలో ఒక ఫ్రెంచి పల్లె దాగియున్నదన్నమాట.

లే బో దిగువ లోయ అంతా ఆలివు తోటలు. ఈ లోయ నూనెకు 1997 నుండి ప్రభుత్వపు ప్రత్యేక గుర్తింపు కూడా ఉన్నది. ఆ చెట్లను దగ్గరగా చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. చాలాచోట్ల ఒకే మొదటినుండి రెండు మూడు మానులు పైకి లేచి ఉంటవి. దీనికి కారణం 1956 ఫిబ్రవరి. ఆ ఏడు జనవరి వెచ్చగా ఉండి చెట్లలో రసం పైకెక్కింది. ఫిబ్రవరిలో హఠాత్తుగా మంచు విరుచుకుపడగా మానులు చీలిపోయినవి. ప్రొవాన్స్ అంతటా లక్షలకొద్దీ చెట్లు ఎండిపోయినవి. కొందరు రైతులు విసిగి తోటలు పెరికి వేరే పంటకు పోయినారు. కొందరు మోళ్ళను నేలమట్టానికి నరికి ఊరుకున్నారు. పైన చచ్చినా వేరు చావలేదు. వేరునుండి పిలకలు లేచినవి. వాటినే కాపాడి చెట్లు చేసుకున్నారు. ఈనాటి నూనెలో కొంత ఆ పిలకలదే.

ఇక భాష సంగతికి వస్తాను.

సాన్ రెమీలో 1818లో ఒక తోటమాలి ఇంట జోసెఫ్ రుమానీయ్ పుట్టినాడు. చదువుకొని అవిన్యోన్‌లో ఉపాధ్యాయుడైనాడు. అందరిలాగే ఫ్రెంచిలో పద్యాలు వ్రాసేవాడు. ఒకనాడు ఇంటికి వచ్చినప్పుడు తన పద్యాలు చదివితే, తల్లికి ఒక్క ముక్క అర్థం కాలేదట. ఆమెకు ప్రొవాన్సాల్ తప్ప మరొకటి రాదు. కన్నతల్లికి తెలియని కవిత్వం నాకెందుకని, నాటినుండి ఆమె భాషలోనే వ్రాయటం మొదలుపెట్టినాడని ఆ సీమలో చెప్పుకుంటారు.

ఆయన బోధించే బడికి 1845లో సాన్ రెమీకి కొద్ది కిలోమీటర్ల దూరంలోని మయాన్ పల్లె రైతుబిడ్డ ఒకడు చేరినాడు. పేరు ఫ్రెదెరిక్ మిస్త్రాల్. గాలి పేరే కుర్రవాడి పేరూ! ఇంటిభాషలో కవిత్వం అల్లే గురువు దొరకగానే ఆ పిల్లవాడు దారి తెలుసుకున్నాడు. 1854 మే 21న ఏడుగురు యువకవులు అవిన్యోన్ దగ్గర ఒక తోట బంగళాలో చేరి 'ఫెలిబ్రీజ్' అనే సంఘం పెట్టినారు. తమ భాషను నిలబెట్టటమే దాని ఉద్దేశం. మరుసటి ఏటినుండి పంచాంగం వంటి వార్షిక సంచిక వేసినారు. అందులో తిథులు, సంతలు, హాస్యకథలు, పాటలు. ఇంటింటా గోడకు తగిలించుకొనే పుస్తకం ద్వారా భాషను ఇంటింటికీ పంపినారు. ఎంత తెలివైన పని!

1859లో మిస్త్రాల్ 'మిరేయో' అనే కావ్యం ప్రకటించినాడు. మిరేయో ధనిక రైతు కూతురు. బుట్టలల్లేవాని కొడుకును ప్రేమించింది. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. సముద్రతీరాన పుణ్యస్త్రీల గుడికి పోయి మొక్కుకుందామని మండుటెండలో రాళ్ళమైదానంలో పరుగెత్తి, వడదెబ్బ తగిలి ప్రాణం విడిచింది. పట్టుపురుగుల పెంపకం, కోతలు, పశువులు, సామెతలు అన్నీ ఆ కావ్యంలో ఉన్నవి. పారిస్‌లోని లమార్తీన్ మహాకవి దానిని ఆకాశానికెత్తినాడు. గూనో అనే సంగీతజ్ఞుడు సాన్ రెమీలోనే మకాం పెట్టి, ఆ కథకు సంగీతనాటకం కట్టినాడు. అది 1864లో పారిస్‌లో ఆడింది. మిస్త్రాల్ ఫ్రెంచికి విరోధి కాడు. తన కావ్యానికి ఎదురుపేజీలో తానే ఫ్రెంచి అనువాదం అచ్చువేయించినాడు. 'నాది నాకుండనీ' అన్నాడు, అంతే.

తరువాత రెండు పెద్ద సంపుటాల నిఘంటువు చేసినాడు. 1904లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఆ ఏడు స్పెయిను నాటకకర్త ఎచెగరాయ్‌తో కలిపి ఇచ్చినారు. ఆ సొమ్ముతో తాను ఆర్ల్ పట్టణంలో నెలకొల్పిన ప్రదర్శనశాలను పెద్ద భవనంలోకి మార్చి విస్తరింపజేసినాడు. అందులో రాజుల కిరీటాలు ఉండవు. ఊయలలు, కుండలు, పెళ్ళిబట్టలు, వంటింటి సామాను, గొల్లవారి గంటలు ఉంటవి. ఆయన 1914లో మయాన్‌లోనే కన్నుమూసినాడు. ఆయన కాపురమున్న ఇల్లు ఈనాడు యాత్రాస్థలం.

ఇంత గొప్ప కవి, నిఘంటువు, సంఘం, నోబెల్ బహుమానం, అన్నీ ఉన్న భాష ఈనాడు ఎట్లా ఉన్నది? సాన్ రెమీ సంతలో మేము విన్నది ఫ్రెంచే. ప్రొవాన్సాల్ తీవ్రమైన ప్రమాదంలో ఉన్న భాష అని యునెస్కో తన పట్టికలో వ్రాసింది.

దీనికి కారణం ఒక్కటే కాదు. 1539 నాటి రాజశాసనం కచేరీ కాగితాలను ఫ్రెంచిలోకి మార్చింది. అయినా మూడువందల ఏళ్ళు ఇంటిభాష ఇంటిలో చెక్కుచెదరలేదు. 1881, 1882 చట్టాలతో ఉచిత నిర్బంధ విద్య వచ్చింది. అది గొప్ప మేలు. పేదరైతు బిడ్డ చదువుకున్నాడు. కాని ఆ బడిలో ఇంటిభాష నేరమైంది. ప్రొవాన్సాల్ మాట్లాడిన పిల్లవాడి చేతిలో ఒక చెక్కముక్కనో, బిళ్ళనో పెట్టేవారు. వాడు మరొకడి నోట ఆ మాట వింటే వాడికి అంటగట్టవచ్చును. సాయంత్రం ఎవరి చేతిలో మిగిలితే వారికి శిక్ష. మిస్త్రాల్ బహుమానం పుచ్చుకొనేనాటికి ఆ భాష పిల్లలు బడిలో సిగ్గుతో తలవంచుకొనేవారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, 'మేము పడ్డ అవమానం మా బిడ్డలకు వద్దు' అని ఇంట్లో కూడా ఫ్రెంచే మాట్లాడినారు. వారిది ద్రోహం కాదు, బిడ్డలమీది ప్రేమే. కాని నరికినది కొమ్మ కాదు, మొదలు. 1951లో ప్రభుత్వం సీమభాషలను బడిలో ఐచ్ఛికంగా చెప్పుకోనిచ్చింది. అప్పటికి అమ్మ నోట నేర్చుకున్న పిల్లలు తక్కువైపోయినారు. 2021లో సైతం పూర్తిగా సీమభాషలోనే బోధించే పద్ధతికి అక్కడి రాజ్యాంగ మండలి ఆమోదం ఇవ్వలేదు.

మరి ఆ భాష ఇంకా ఎక్కడ ఊపిరి పీలుస్తున్నది? పండుగలలో. ఆగస్టు 15న సాన్ రెమీలో ఆకులతో, పంటలతో అలంకరించిన పెద్ద బండికి పదులకొద్దీ గుర్రాలు కట్టి ఊరేగిస్తారు. దాని పేరు ప్రొవాన్సాల్‌లోనే 'కర్రెతొ రమాదొ'. వైశాఖ జ్యేష్ఠాలలో వచ్చే పెంతెకోస్తు మరునాడు వేలకొద్దీ గొర్రెలు గంటలు మోగించుకుంటూ ఊరిచుట్టూ పోతవి. పూర్వం వేసవి మేతకు ఆల్ప్స్ పర్వతాలకు నడచిపోయిన మందల జ్ఞాపకమది. ఇక క్రిస్మసుకు ఇంటింటా మట్టిబొమ్మల కొలువు. బాలయేసుతోపాటు రొట్టెలవాడు, చేపలమ్మి, పిండిమరవాడు, గొల్లవాడు, పుల్లలమోపు ముసలమ్మ, ఊరంతా ఆ కొలువులో ఉంటుంది. ఫ్రెంచి విప్లవంలో గుళ్ళు మూతబడగా భక్తులు ఇంట్లోనే బొమ్మలు పెట్టుకోవటంతో ఈ ఆచారం బలపడింది. ఆ బొమ్మలు చూస్తే సంక్రాంతి కొలువు జ్ఞాపకం రాని తెలుగు ఆడపడుచు ఉండదు. అప్పుడు ఆడే క్రీస్తు జన్మకథ నాటకాలలో పాత్రలు కొన్నిచోట్ల ఇంకా ప్రొవాన్సాలే మాట్లాడుతవి.

ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. కాని పండుగకు మాత్రమే పెట్టెలోంచి తీసే భాష పట్టుచీర వంటిది. బొమ్మల కొలువులో నిలబడుతుంది గాని వంటింట్లో తిరగదు.

మన సంగతి ఆలోచించుకుందాము. బెంగుళూరులోనో, మధురలోనో, బరంపురంలోనో, షోలాపురంలోనో ఉన్న మన ఇళ్ళలో పిల్లలు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష, ఉద్యోగానికి ఒక భాష నేర్చుకోవాలి. నేర్చుకోవలసిందే. మనకు అన్నం పెట్టిన నేల భాషను గౌరవించటం మన ధర్మం. యానాంలో మధ్యమధ్య ఇంగ్లీషువారి చేతికి పోయినా 1954 దాకా ఫ్రెంచివారే పాలించినారు. కచేరీలో ఫ్రెంచి నడిచింది. ఇంటిలో తెలుగు నిలిచింది. కచేరీ భాష ఏదైనా ఇంటిభాషను చంపలేదు. ఇంట్లో మనమే మానుకుంటే తప్ప. ప్రొవాన్స్ కథ నేర్పేది ఇదే. నోబెల్ బహుమానం భాషను కాపాడలేదు, నిఘంటువు కాపాడలేదు, ప్రదర్శనశాల కాపాడలేదు. మనవడిని 'ఇట్లా రా నాయనా' అని పిలిచే గొంతు ఆగిననాడు ఇవన్నీ ఉత్త గాజు బీరువాలే.

రుమానీయ్ తన తల్లికి అర్థం కావాలని తన కలాన్ని మార్చుకున్నాడు. మన ఇళ్ళలో తెలుగు తప్ప మరొకటి చక్కగా రాని నాయనమ్మలు, అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. పిల్లవాడు బడినుండి రాగానే ఆ రోజు జరిగిన ముచ్చట ఆమెకు అర్థమయ్యేటట్లు ఆమె భాషలో చెప్పాలని ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. అంతకు మించిన తెలుగు బడి వేరే లేదు. 1956 మంచుకు చీలిన ఆలివు చెట్టు వేరునుండి మళ్ళీ లేచింది. మన ఇళ్ళలో వేరు ఇంకా ఎండలేదు. రోజుకో చెంబెడు నీళ్ళు పోయటమే మన వంతు.